పెక్కు పిలుపులు, ఒక్క మాట

ఒకే సమయమున రెండు మూడు సంస్థలనుండి ఇంటర్వ్యూ పిలుపులు వచ్చుట అదృష్టమని ఇంటిలోనివారు సంతోషింతురు, అది నిజమే. అయినను ఆ పిలుపులను అందుకొన్న యువకుడు గాని యువతి గాని లోలోపల అనుభవించు కలవరము సామాన్యమైనది కాదు. ఒక సంస్థలో మొదటి రౌండు మాత్రమే ముగిసియుండును. మరియొక సంస్థలో మేనేజరుతో సంభాషణ వచ్చే వారమునకు నిర్ణయమైయుండును. ఇంతలో మూడవ సంస్థ, తాను అంతగా కోరని సంస్థ, అందరికంటె ముందుగా ఆఫర్ లెటర్ పంపి, "శుక్రవారం సాయంత్రంలోగా చెప్పండి" అని గడువు విధించును. ఆ శుక్రవారమునకు మిగిలినవి మూడు దినములు. ఈ అధ్యాయము ఆ మూడు దినములను గూర్చినది. వాటికి ముందు చేయదగిన పనిని గూర్చియు, వాటి తరువాత నిలుపుకొనవలసిన మాటను గూర్చియు వ్రాయబడినది.

ఇంటర్వ్యూకు ఏ దుస్తులు ధరింపవలెను, ఏ ప్రశ్నకు ఏ సమాధానము చెప్పవలెను అను విషయములపై పుస్తకములు కొల్లలుగా వెలువడినవి; పెక్కు పిలుపులను సంపాదించుకొనగలిగిన అభ్యర్థికి అవి మరల బోధింప బనిలేదు. అతనికి కొరవడినది విద్య కాదు, వ్యవధి. ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజిలో పేరు నమోదు చేసికొని, సంవత్సరముల తరబడి కాల్ లెటర్ కొరకు పోస్టుమాన్ రాకను కనిపెట్టుకొనియుండిన మన తండ్రుల తరమువారికి ఒక్క పిలుపే వరప్రసాదము. దేనిని స్వీకరింతును, దేనిని విడిచిపెట్టుదును అను ప్రశ్న వారిలో పలువురికి ఎన్నడును ఎదురుకాలేదు. కావుననే ఈ విషయమున పెద్దల అనుభవము పిన్నలకు అంతగా అక్కరకు రాదు. "వచ్చినదాన్ని వదులుకోకు నాయనా" అని తండ్రి అనును. "ముందు ఒప్పేసుకోరా, తర్వాత సంగతి తర్వాత" అని హాస్టల్ గదిలోని స్నేహితుడు అనును. మొదటి సలహా అభ్యర్థికి దక్కిన అవకాశమును కుదించును. రెండవది అతడిచ్చు మాటకు విలువ లేకుండ చేయును. ఈ రెంటికి నడుమ నిజాయితీతో కూడిన మార్గమొకటి కలదని నా దృఢవిశ్వాసము.

ఈ చిక్కు మన కాలమునకును మన దేశమునకును మాత్రమే పరిమితమైనది కాదు. 1940వ దశకమున అమెరికాలోని ఆసుపత్రులు, వైద్యవిద్యార్థులను ఇంటర్నులుగా చేర్చుకొనుటకై ఒకదానితో ఒకటి పోటీపడి, పట్టము చేతికి రాక మునుపే, కొన్ని యెడల రెండేండ్లు ముందుగానే, వారిని కుదుర్చుకొనుచుండెడివి. ఈ పరుగును ఆపుటకై వైద్యకళాశాలలు 1945 ప్రాంతమున ఒక కట్టుబాటు చేసికొని, నిర్ణీత దినమునకు పూర్వము విద్యార్థుల వివరములను ఆసుపత్రులకు పంపుట మానివేసినవి. అంతట పాత చిక్కు తొలగి కొత్తది పుట్టినది. తనకు మూడవ ఇష్టమైన ఆసుపత్రినుండి పిలుపు వచ్చి, మొదటి ఇష్టమైన చోట వెయిటింగ్ లిస్టులో నిలిచిన విద్యార్థి జవాబు చెప్పక జాగుచేయగోరును. అతడు కాదన్నచో వెంటనే మరియొకరిని చూచుకొనవలసిన ఆసుపత్రి తక్షణమే జవాబు కోరును. ఆలోచించుకొనుటకు 1945లో ఇచ్చిన పది దినముల గడువు ఏటేట కుదించుకొనిపోయి, 1949 నాటికి పన్నెండు గంటల గడువు సైతము మిక్కిలి దీర్ఘమని త్రోసిపుచ్చబడినది. తుదకు విద్యార్థులును ఆసుపత్రులును తమ తమ ఇష్టములను వరుసక్రమమున వ్రాసి ఒక కేంద్రమునకు పంపగా, ఎవరికి ఎవరో ఆ కేంద్రమే జతపరచు పద్ధతి 1952లో అమలులోకి వచ్చినది. పది సంవత్సరముల పిదప, 1962లో, డేవిడ్ గేల్, లాయిడ్ షాప్లీ అను పండితులు ఇట్టి జతకూర్పును గూర్చి సుప్రసిద్ధమైన వ్యాసము ప్రకటించిరి. ఆసుపత్రుల పద్ధతియు వారి సూత్రమును మూలమున ఒక్కటియేనని ఆల్విన్ రాత్ అను అర్థశాస్త్రవేత్త అనంతరకాలమున నిరూపించెను. రాత్, షాప్లీలకు 2012లో అర్థశాస్త్రమున నోబెల్ బహుమానము లభించినది.

ఆ సూత్రపు సారాంశము, చేతికి వచ్చినదానిని కాదనకుండ, తుది స్వీకారమును మాత్రము చివరివరకు వాయిదా వేయుటయే. ఇది పరదేశపు శాస్త్రమని పాఠకుడు తలపనక్కరలేదు. ఐఐటీ, ఎన్‌ఐటీ సీట్లను కలిపి పంచు జోసా కౌన్సెలింగు 2015లో ఆరంభమైనప్పటినుండి ఈ సూత్రముపైననే నడచుచున్నది. ఇంటర్ పూర్తిచేసి జేఈఈ వ్రాసిన బిడ్డ గల తెలుగింటిలో ఫ్రీజ్, ఫ్లోట్, స్లైడ్ అను మాటలు తెలియనివారు అరుదు. వచ్చిన సీటుతో తృప్తిపడినవాడు ఫ్రీజ్ చేసికొనును. ఉన్న సీటును నిలుపుకొనుచునే, పై రౌండులో అంతకంటె మేలైనది వచ్చినచో దానికి మారుటకు సమ్మతించువాడు ఫ్లోట్ ఎంచుకొనును. ఫ్లోట్ చేసినవానిని మోసగాడని ఎవ్వరును అనరు; ఏలయన నియమము అందరికిని ముందే తెలిసినది, అతడు వదలిన సీటు తరువాతి రౌండులో మరియొకనికి చేరుచున్నది.

ఉద్యోగముల అంగడిలో అట్టి కేంద్రము లేదు, అట్టి రౌండులు లేవు. ఆఫర్‌ను అంగీకరించుచు వ్రాసిన ఒక్క వాక్యము అక్కడ ఫ్రీజ్‌తో సమానము. అంగీకరించియు లోలోపల ఫ్లోట్‌లో ఉన్నట్లు ప్రవర్తించుటయే నేటి యువతలో కొందరికి అలవాటైన దోషము. దానికి మందు, తేలియాడవలసిన కాలమును అంగీకారమునకు తరువాత గాక ముందే సంపాదించుకొనుట. ఆ సంపాదనకు కావలసినవి రెండే, ముందుచూపుతో కూడిన కాలనిర్ణయము, సూటియైన మాట.

కాలనిర్ణయమును గూర్చి ముందుగా చెప్పుదును. అంతగా ఇష్టములేని సంస్థలతో మొదలుపెట్టి, వాటియందు అభ్యాసము గడించిన పిమ్మట కోరిన సంస్థలకు వెళ్లుమని పలువురు బోధింతురు. ఈ బోధ వినుటకు ఇంపుగా ఉన్నను, పైన చెప్పిన శుక్రవారపు సంకటమునకు చాలవరకు ఇదియే మూలము; ఇష్టములేని చోట ముందు మొదలుపెట్టినవానికి ఇష్టములేని ఆఫరే ముందు వచ్చుట సహజము గదా! అభ్యాసము కావలసినచో సీనియర్లను కూర్చుండబెట్టి మాక్ ఇంటర్వ్యూలు చేయించుకొనవచ్చును. నా సలహా దీనికి విపరీతము: ఏ సంస్థ తీరికగా నడచునో దానితో ముందు మొదలుపెట్టవలెను, ఏది త్వరితముగా ముగించునో దానిని తరువాతకు ఉంచవలెను. ఆన్‌లైన్ పరీక్ష, రెండు మూడు టెక్నికల్ రౌండులు, మేనేజర్ రౌండు, పై అధికారి రౌండు, హెచ్.ఆర్. రౌండు అని మెట్లుమెట్లుగా సాగు పెద్ద సంస్థలలో నెల దినములు గడచుట వింత కాదు. స్థాపకుడే స్వయముగా మాట్లాడి నిర్ణయించు చిన్న సంస్థలో వారములోపలనే పని పూర్తికావచ్చును. ఏది ఎట్టిదో తెలిసికొనుటకు మొదటి ఫోను సంభాషణలోనే "మొత్తం ఎన్ని రౌండ్లు ఉంటాయండీ? ఫలితం చెప్పడానికి సుమారు ఎన్నాళ్లు పడుతుంది?" అని అడిగినచో చాలును. ఈ ప్రశ్నను ఏ రిక్రూటరును తప్పుపట్టడు.

ఒక పుస్తకమున పేజీకి ఒక సంస్థ చొప్పున కేటాయించి, అక్కడ మాట్లాడినవారి పేర్లు, ఏ దినమున ఏ రౌండు జరిగినది, తాను చెప్పిన జీతము, అడిగిన జీతము, చేరగల తేదీ, వారు చెప్పిన తరువాతి మెట్టు, ఇవన్నియు ఆ సాయంత్రమే వ్రాసిపెట్టుకొనవలెను. మూడు సంస్థలతో ఏకకాలమున మాట్లాడువానికి, ఏ చోట ఏమి చెప్పితినో అను సందేహమును మించిన శత్రువు లేదు. ప్రస్తుతపు జీతమును ఒకచోట ఒక విధముగను, మరియొకచోట మరియొక విధముగను చెప్పిన అభ్యర్థి, మూడు నెలల పే స్లిప్పులు అడిగిన నాడు తల దించుకొనవలసివచ్చును. కన్సల్టెన్సీల ద్వారా ప్రయత్నించువారు ఇంకొక జాగ్రత్త వహింపవలెను: తమ రెజ్యూమెను ఏ సంస్థకు పంపుచున్నారో తెలిసికొనకుండ సమ్మతి తెలుపరాదు. ఒకే అభ్యర్థి వివరములు రెండు కన్సల్టెన్సీల ద్వారా ఒకే సంస్థకు చేరినప్పుడు, వారి తగవులో తలదూర్చ నిష్టపడక ఆ సంస్థ అభ్యర్థినే ప్రక్కన పెట్టుట కలదు.

ఇక మాట. "ఇంకెక్కడైనా ఇంటర్వ్యూలు ఇస్తున్నారా?" అను ప్రశ్న ఏదో ఒక రౌండులో తప్పక వచ్చును. లేదని బొంకినవాడు, రేపు మరియొక ఆఫర్ వచ్చినదని చెప్పి వ్యవధి అడుగుటకు నోరులేనివాడగును. ఉన్నదానికంటె ఎక్కువ చెప్పి గొప్పలకు పోయినవాడు "ఆ ఆఫర్ లెటర్ పంపండి, చూస్తాం" అన్న మాటతో చిక్కుకొనును. కొందరు ఆ దశలో అంకెలు దిద్దిన కాగితములు పంపుటకు కూడ సాహసింతురు, అది ఫోర్జరీయని తెలిసియు. "ఇంకో రెండు చోట్ల నడుస్తున్నాయండీ. ఒకచోట చివరి రౌండు మిగిలింది. కానీ మీ దగ్గర పని నాకు బాగా నచ్చింది, అందుకే ఇంత శ్రద్ధగా వస్తున్నాను" అని చెప్పుటలో దాపరికము లేదు, అహంకారమును లేదు. సంస్థల పేర్లు చెప్పనక్కరలేదు. ఒక సంస్థ ఇచ్చిన లేఖను మరియొక సంస్థకు చూపుటయు నాకు సమ్మతము కాదు; ఆ లేఖలలో పెక్కింటియందు గోప్యతా నిబంధన వ్రాయబడియుండును, వ్రాయబడనిచోట సైతము అది ఇద్దరి నడుమ జరిగిన సంభాషణ. అంకె చెప్పవచ్చును, కాగితము చూపనక్కరలేదు.

ఇప్పుడు ఆ మూడు దినములకు వత్తము. తెనాలి సమీపపు గ్రామమునుండి వచ్చి మాదాపూరులో నాలుగేండ్లుగా పనిచేయుచున్న ఒక యువతిని ఊహింతము. బుధవారము ఉదయమున ఆమెకు ఆఫర్ వచ్చినది, శుక్రవారము గడువు. ఆమె మనసు మరియొక సంస్థమీద ఉన్నది. అక్కడ చివరి రౌండు వచ్చే మంగళవారము. ఆమె చేయదగిన మొదటి పని మౌనము వహించుట కాదు, ఆ బుధవారమే ఫోను చేయుట.

"మేడమ్, ఆఫర్ అందిందండీ, చాలా సంతోషం. పూర్తిగా చదువుకుని, ఇంట్లో కూడా మాట్లాడి చెప్పాలనుకుంటున్నాను. మీకు ఇబ్బంది లేకపోతే వచ్చే గురువారం వరకు సమయం ఇవ్వగలరా? ఆ రోజు సాయంత్రంలోపు అవునో కాదో కచ్చితంగా చెబుతాను."

"వేరే ఆఫర్ ఏమన్నా ఉందామ్మా?"

"ఆఫర్ లేదండీ. ఒకచోట చివరి రౌండు మంగళవారం ఉంది. అది తేలకుండా మీకు మాట ఇచ్చి తర్వాత వెనక్కి పోవడం నాకు ఇష్టం లేదు. ఒకసారి సరేనంటే మీ దగ్గరే చేరతాను."

ఈ సంభాషణలో గమనింపదగినది, ఆమె "కొంచెం టైమ్ ఇవ్వండి" అని నిరవధికముగా అడుగలేదు. దినము చెప్పినది, ఆ దినమే ఎందుకో చెప్పినది, ఆ దినమున ఏమి చేయునో చెప్పినది. గడువు విధించిన సంస్థ భయపడునది ఆలస్యమునకు కాదు, అనిశ్చితికి. రెండవ వరుసలో నిలిచిన అభ్యర్థిని ఎన్నాళ్లు ఆపవలెనో వారికి తెలియదు. తేదీ తెలిసినచో పలువురు సమ్మతింతురు. వారము కాకున్నను సోమవారమువరకైన ఇత్తురు. ఇయ్యనివారును కొందరుందురు. ఆలోచించుకొనుటకు రెండు దినములు సైతము ఇయ్యక, ఫోనులోనే అవుననిపించుకొన జూచు సంస్థ, రేపు సెలవు అడిగినప్పుడు ఎట్లు ప్రవర్తించునో ఊహించుట కష్టము కాదు. ఆ తొందరను కూడ ఆఫర్‌లో ఒక భాగముగనే లెక్కింపవలెనని నేను భావింతును.

గురువారమువరకు వ్యవధి దొరికినచో, రెండవ ఫోను తాను కోరిన సంస్థకు. "సర్, నాకు ఒకచోట ఆఫర్ వచ్చింది, గురువారంలోగా జవాబు చెప్పాలి. నా మొదటి ఇష్టం మీ దగ్గర పనే. వీలైతే మంగళవారం రౌండును కాస్త ముందుకు జరపగలరా? లేదంటే, అది అయ్యాక బుధవారానికల్లా ఫలితం తెలిసే అవకాశం ఉందా?" అని అడిగినచో, పెద్ద సంస్థలు సైతము కదలును. అక్కడి రిక్రూటరు మేనేజరుతో మాట్లాడుటకు ఈ మాట అతనికొక ఆధారమగును. మరియొకరు ఎంచుకొన్న అభ్యర్థియని తెలియుటచేత ఆమెపై ఆసక్తి హెచ్చుటయు కలదు. అయితే నిజముగా ఆఫర్ ఉన్నప్పుడు మాత్రమే పలుకదగిన మాట ఇది. మంగళవారము ముగిసినను బుధవారమునకు ఫలితము తేలకపోయినచో, ఆమె తనను తాను ఒక్క ప్రశ్న వేసికొనవలెను: ఆ రెండవ ఉద్యోగము రాకపోయినను ఈ మొదటిదానిని విడుచుటకు సిద్ధముగా ఉన్నానా? సిద్ధము కానిచో గురువారము అంగీకరించి, రెండవ సంస్థకు ఆ దినమే తెలిపి, ఆ తలుపు మూయవలెను.

వ్యవధి అడుగు శక్తి అందరికిని సమానముగా ఉండదు. చేతిలో ఉద్యోగమున్నవాడు నింపాదిగా అడుగగలడు. ఉద్యోగము పోయి మూడు నెలలైనవాడు అట్లు అడుగలేడు. అమెరికాలో చదువు ముగించి ఓపీటీ మీద ఉన్న మన పిల్లల స్థితి ఇంకను ఇరుకైనది. చదువు తరువాతి ఆ అనుమతికాలమున ఉద్యోగము లేకుండ గడుపదగినవి మొత్తము 90 దినములే కనుక, ఎనుబదియవ దినమున వచ్చిన ఆఫర్‌ను చూచి వారము ఆగుమనుట వారికి హితవు కాదు. అట్టివారు వచ్చినదానిని స్వీకరించుటయే మేలు. స్వీకరించిన పిమ్మట దానియందే మనసు నిలుపవలెను.

ఆఫర్ చేతికి వచ్చినప్పుడు మొదటి పుటలోని పెద్ద అంకెను చూచి మురిసిపోవుట సహజము. ఆ అంకె సి.టి.సి.; అనగా ఆ ఉద్యోగిపై సంస్థ చేయు సమస్త వ్యయము. రెండు ఆఫర్లను సరిపోల్చువాడు ఆ అంకెను విప్పి చూడవలెను. ఒక సంస్థ 18 లక్షలు, మరియొకటి 16 లక్షలు ఇచ్చునని తలంతము. మొదటిదానిలో 1,50,000 రూపాయలు ఒక్కసారి ఇచ్చు జాయినింగ్ బోనసు. సంవత్సరము నిండకమునుపే వెడలిపోయినచో తిరిగి కట్టవలసినది. 2,40,000 రూపాయలు వేరియబుల్ పే. సంస్థ లాభనష్టములను బట్టియు, మేనేజరు ఇచ్చు రేటింగును బట్టియు మారునది. మూలవేతనము 6,00,000 అయినచో, దానిపై నూటికి 12 చొప్పున సంస్థ కట్టు ప్రావిడెంట్ ఫండు వాటా 72,000, నూటికి 4.81 చొప్పున గ్రాట్యుటీ 28,860. ఇవన్నియు తీసివేయగా చేతికి నిశ్చయముగా వచ్చుటకు మిగులునది సంవత్సరమునకు 13,09,140, నెలకు 1,09,095. రెండవ సంస్థ 16 లక్షలలో బోనసు లేదు, వేరియబుల్ లేదు, మూలవేతనము 6,40,000. ప్రావిడెంట్ ఫండు 76,800, గ్రాట్యుటీ 30,784 తీసివేసినను 14,92,416 మిగులును, నెలకు 1,24,368. ఉద్యోగి స్వంత పి.ఎఫ్. వాటాయు ఆదాయపు పన్నును రెండుచోట్లను కోతపడును గనుక వాటిని ప్రక్కన ఉంచుదము. రెండు లక్షలు తక్కువయని కనిపించిన ఆఫర్ నెలకు 15,273 రూపాయలు ఎక్కువగా ఇచ్చుచున్నది! ప్రావిడెంట్ ఫండు తనదే కనుక అది నష్టము కాదు. గ్రాట్యుటీ మాత్రము సామాన్యముగా అయిదేండ్ల నిరంతర సేవ నిండినవారికే దక్కును, రెండు మూడేండ్లకే మారుదునని తలచువాడు దానిని లెక్కలో చేర్చుకొనరాదు. ఇంటి అద్దె కట్టుచు, తమ్ముని కళాశాల ఫీజుకు నెలనెల పంపవలసిన బాధ్యత గల అభ్యర్థికి ఈ లెక్క పది నిమిషముల పని; చేయకున్నచో సంవత్సరమంతయు వెలితి.

డబ్బు కాక చూడవలసినవి ఇతరములు కలవు: ఎవరి క్రింద పనిచేయవలెను, రాత్రి షిఫ్టులున్నవా, ఔటర్ రింగ్ రోడ్డుకు ఆ చివర ఇల్లు, ఈ చివర ఆఫీసు అయినచో దినమునకు ఎన్ని గంటలు ప్రయాణమునకు పోవును. ఇవి ఎవరికి వారే తూచుకొనదగినవి.

అంగీకరించిన పిమ్మటి కాలమును గూర్చి మాత్రము నేను గట్టిగా చెప్పదలచితిని. మన దేశపు సాఫ్ట్‌వేర్ రంగమున నోటీసు కాలము అరువది దినములు, తొంబది దినములు ఉండుట సామాన్యము. ఆఫర్‌కు సరేనని వ్రాసి, పాత సంస్థలో రాజీనామా ఇచ్చి, ఆ తొంబది దినములును "నోటీసులో ఉన్నాను, త్వరగా చేరగలను" అని ప్రకటించుకొనుచు మరి మూడు ఆఫర్లు సేకరించి, చేరవలసిన నాటి ఉదయమున ఫోను ఆపివేయు ఆచారము ప్రబలినది. ఇందుకు సంస్థలు చేసిన ప్రతిక్రియ, పది స్థానములకు పదిమందికంటె ఎక్కువమందికి ఆఫర్లు ఇచ్చుట, చేరిక తేదీవరకు అభ్యర్థిని అనుమానించుట, గడువులు కుదించుట. ఒకరి అవిశ్వాసము మరియొకరి అవిశ్వాసమును పెంచి, తుదకు నిజాయితీగా వారము వ్యవధి అడిగిన తెనాలి యువతికి కూడ "అందరూ ఇలాగే అంటారమ్మా" అను మాట వినవలసివచ్చుచున్నది. ఆమె ఎవరి ఋణమో తీర్చుచున్నది. అందుచేత అంగీకారము వ్రాసిన దినముననే ఉద్యోగ వెబ్‌సైటులలో తన ప్రొఫైలును నిలిపివేయుట, మిగిలిన సంస్థలకు తెలియజేయుట కర్తవ్యమని నేను నమ్ముదును.

ఈ కట్టుబాటు ఇరుపక్షములకును వర్తించును. 2022లో పలు ఐటీ సంస్థలు కొత్త పట్టభద్రులకు ఆఫర్లు ఇచ్చి, చేరిక తేదీలను నెలల తరబడి వాయిదా వేసినవి. కొందరికి ఆఫర్లు రద్దయినవి. ఇంటిలో మిఠాయి పంచిన పిల్లలు సంవత్సరకాలము ఈమెయిలు చూచుచు కూర్చుండుట నా మనసును మిక్కిలి నొప్పించిన విషయము. తేదీ తప్పినది సంస్థయైనప్పుడు అభ్యర్థి వేరొక చోట ప్రయత్నించుటలో దోషము లేశమును లేదు; "మీరు తేదీ చెప్పేవరకు ఇతర చోట్ల ప్రయత్నిస్తున్నాను" అని ఒక వాక్యము వ్రాసియుంచినచో చాలును. అట్లే, సంతకముతో కూడిన లేఖ చేతికి రాక మునుపు, నోటిమాటను నమ్మి పాత ఉద్యోగమునకు రాజీనామా ఇయ్యరాదు. 1872 నాటి భారత ఒప్పంద చట్టము ప్రకారము, అంగీకారము తెలియజేయబడు వరకు ప్రతిపాదన చేసినవాడు దానిని ఉపసంహరించుకొనవచ్చును. మన మౌనము మనకు రక్షణ కాదు.

బాండు సంతకము అడుగు సంస్థల విషయమున ఒక తీర్పు తెలిసియుండుట మేలు. ఉద్యోగము మానిన పిమ్మట ఒకడు తన వృత్తిని చేసికొనకుండ నిరోధించు ఒప్పందము చెల్లదని అదే చట్టపు 27వ సెక్షను చెప్పుచున్నది. దీనిని విని బాండ్లన్నియు చెల్లవని పలువురు భ్రమపడుదురు. మూడేండ్లు పనిచేయవలెను, ముందే మానినచో రెండు లక్షల రూపాయలు చెల్లింపవలెను అను విజయా బ్యాంకు నిబంధనను సుప్రీంకోర్టు 2025 మే నెలలో సమర్థించినది. మరియొక బ్యాంకులో చేరుటకై రాజీనామా చేసిన అధికారి ఆ మొత్తమును చెల్లించి, పిదప వివాదమునకు దిగియుండెను. ఉద్యోగకాలములో వర్తించు షరతు వేరు, మానిన తరువాత వర్తించు నిషేధము వేరు అని న్యాయస్థానము అభిప్రాయము. కావున రెండు మూడు పరీక్షల ఫలితముల కొరకు ఎదురుచూచుచు ముందు వచ్చిన బ్యాంకులో చేరువారు, ఆ బాండు మొత్తమును కూడ లెక్కలో వేసికొని చేరవలెను.

ప్రభుత్వోద్యోగములలో ఈ సమస్య మరియొక రూపమున కనిపించును. తెలంగాణ గురుకుల నియామకములలో ఒకే అభ్యర్థి టీజీటీ, పీజీటీ, జూనియర్ లెక్చరర్ పోస్టులు రెండు మూడింటికి ఎంపికయై, ఒకదానియందు చేరగా మిగిలినవి ఖాళీగా మిగులుటయు, పై పోస్టునుండి క్రిందికి అవరోహణక్రమమున నింపవలెనని, వద్దనుకొన్నవారు ముందే వ్రాసి ఇచ్చు సదుపాయము ఉండవలెనని తక్కిన అభ్యర్థులు కోరుటయు మనము చూచితిమి. ఒకరు పట్టుకొని విడువని పోస్టు మరియొకరి ఇంటి దీపము. అక్కడ దోషము పద్ధతిదే గాని అభ్యర్థిది కాదు. ప్రైవేటు రంగమున అట్లు కాదు, వద్దని చెప్పు అధికారము మన చేతిలోనే ఉన్నది.

కాదని చెప్పుట అవునని చెప్పుటకంటె కష్టము, మొగమాటము మనవారిలో మెండు. కొందరు ఆ మొగమాటముచేతనే ఫోను ఎత్తక మానుదురు. ఆ మౌనము అవతలివారికి తిరస్కారముకంటె బాధాకరము. నిర్ణయమైన దినముననే ఫోను చేసి, "సర్, బాగా ఆలోచించి వేరేచోట చేరాలని నిర్ణయించుకున్నాను. మీరు ఇచ్చిన సమయానికి, మీ టీమ్ నాతో గడిపిన గంటలకు కృతజ్ఞతలు" అని రెండు వాక్యములు చెప్పి, అవే వాక్యములు ఈమెయిలులో వ్రాయవలెను. కారణముల చిట్టా విప్పనక్కరలేదు. "ఎంత ఇస్తే వస్తారు?" అని అవతలివారు అడుగుదురు. అంగీకారము ఇంకను ఎక్కడను వ్రాయకున్నచో ఆ ప్రశ్నకు సమాధానము చెప్పవచ్చును. వ్రాసినచో, "మాట ఇచ్చేశానండీ" అనుటయే సమాధానము. రాజీనామా ఇచ్చిన నాడు పాత మేనేజరు పిలిచి జీతము పెంచుదుననినను ఇదే జవాబు. నాలుగేండ్లు పెంచనిది నాలుగు గంటలలో ఎట్లు పెరిగినదో ఆలోచింపదగినది.

చివరి రౌండులు మిగిలియున్న సంస్థలకును ఆ సాయంత్రమే తెలుపవలెను. అక్కడ ప్యానెల్‌లో కూర్చుండువారు తమ పనులు మానుకొని వచ్చువారు. తెలిపినవారికి పెక్కుమార్లు వచ్చు జవాబు, "ఫర్వాలేదండీ, ముందుగా చెప్పారు, ఎప్పుడైనా మళ్లీ మాట్లాడదాం" అని. ఆ పేరును, ఆ నంబరును ఆ సంస్థకు కేటాయించిన పేజీలోనే వ్రాసియుంచవలెను.